ఉరవడిలో పట్టు

మనోనో దీవిలో పెసమినో గొంతు తెలియనివాళ్లు లేరు. నలభై మందికి పైగా తెడ్లు వేసే పొడవాటి పందెం పడవకు అతనే నాయకుడు. చుక్కాని దగ్గర నిలబడి కేక వేశాడంటే తెడ్లన్నీ ఒక్కసారే నీళ్లలో దిగేవి. ఇంట్లో మాత్రం భార్య ఫాటోయియాదే పైచేయి.

చిన్నతనంలో కీళ్లజ్వరం వచ్చి అతని గుండెలో ఒక కవాటం చెడిపోయింది. పంటికి ఏ పని చేయించుకున్నా ముందు మాకు చెప్పమని ఆసుపత్రివాళ్లు పోరేవాళ్లు. అతను తల ఊపి వచ్చేసేవాడు.

ఆ ఏడు జూన్ పందేల ముందు దవడపన్ను కదిలి, సలుపు మొదలైంది.

"పడవెక్కి ఆపియా పట్నం వెళ్లి చూపించుకోవయ్యా," అంది ఫాటోయియా.

"వెళ్తే గుండె మీద గొట్టం పెడతారు. పెట్టారంటే నన్ను పడవ దింపేస్తారు. నువ్వే పీకేయ్."

ఆమె దారం కట్టి లాగింది. అతను ఊరంతా వినబడేలా అరిచాడు.

"ఈ అరుపేదో పడవ మీద అరిచుంటే పోయినేడే గెలిచేవాళ్లు కదా!" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. అతను ఉప్పునీళ్లు పుక్కిలించి సాధనకు వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు సాయంత్రాలు ఒళ్లు కాగడం మొదలైంది. పందెం అయ్యాక చూద్దామన్నాడు. పందెంలో మూడో స్థానం వచ్చింది. ఒడ్డుకు దిగినవాడు నిలబడలేకపోయాడు. అటునుంచి అటే ఆపియా పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు.

డాక్టర్ సినాఫెయా తెరమీద చూపించింది. కవాటానికి వేలాడుతూ చిన్న ముద్ద, గుండె కొట్టుకున్నప్పుడల్లా ఊగుతోంది.

"అవి క్రిములమ్మా. నెత్తుట్లో కలిసి వచ్చాయి."

"నెత్తురు అంత జోరుగా పారుతుంటే కొట్టుకుపోవా?"

"మంచి గుండెలో అయితే పోతాయి. చెడిన కవాటం మీద గాటు ఉంటుంది. దాన్ని పూడ్చడానికి ప్లేట్‌లెట్లు వచ్చి అతుక్కుంటాయి. క్రిములు వాటిని పట్టుకుంటాయి. ఈ క్రిముల్లో కొన్నిటి పట్టు ఎలాంటిదంటే, నెత్తురు ఉరవడి పెరిగేకొద్దీ జారదు, ఇంకా బిగుస్తుంది."

"బాగుచెయ్యడానికి వచ్చినవాటినేనా పట్టుకోవడం?"

"అవునమ్మా."

"ఆ పన్ను పీకింది నేనే," అంది ఫాటోయియా.

"పన్ను అంతకుముందే కుళ్లింది కదా. పీకినప్పుడు వచ్చాయో, తోముకుంటున్నప్పుడు వచ్చాయో ఎవరూ చెప్పలేరు," అంది డాక్టర్. ఆ మాట ఆమెకు ఊరట ఇవ్వలేదు. మీరే చేశారని తిట్టినా బాగుండేదనిపించింది.

మందులు ఎక్కిస్తూనే ఉన్నారు. మర్నాడు పొద్దున ఆ ముద్దలోంచి ఒక తునక ఊడి మెదడుకు చేరింది. పెసమినోకు కుడివైపు పడిపోయింది. ఆమెను పిలవబోయి నోరు తెరిచాడు. ఊపిరి తప్ప ఏమీ రాలేదు.

తర్వాత జ్వరం తగ్గింది, మాట మాత్రం తిరిగి రాలేదు. అలాంటి ఆపరేషన్లు చేసే న్యూజిలాండ్ డాక్టర్లు కాగితాలు చూసి, ఈ గుండె ఆపరేషన్‌కు తట్టుకోదన్నారు. ఇంటికి తీసుకొచ్చేశారు.

తెడ్లువేసే కుర్రాళ్లు గోలగోలగా వచ్చారు. అతని కళ్లలో నీళ్లు చూసి ఏం చెయ్యాలో తోచక, పెట్టింది తిని తలలు వంచుకుని వెళ్లిపోయారు. ఫాటోయియా మాత్రం వెనకటిలాగే గదమాయించేది.

"కొబ్బరిపాలతో ఆకులు వండిన పాలుసామి వద్దా? వద్దంటే నోరు మూసుకో, కావాలంటే తెరువు. నాకేం, నేనే తినేస్తా."

అతను సగం ముఖంతో నవ్వి నోరు తెరిచేవాడు.

వానలు మొదలైన నెలలో, ఒక మధ్యాహ్నం ఆమె అతని కాళ్లు తుడుస్తుండగా ప్రాణం పోయింది. మోకాళ్లదాకా తుడిచాక గాని ఆమెకు తెలియలేదు.

అక్కడి అలవాటు ప్రకారం ఇంటి ముందే పూడ్చి రాళ్లు పరిచారు. ఇప్పుడామె చాప అల్లుకునేది ఆ రాళ్ల మీద కూర్చునే. వాన పడేలా ఉంది, లోపలికి రమ్మని కూతురు పిలుస్తుంది.

"మాట లేకుండా పడున్నన్నాళ్లూ పక్కనే కూర్చున్నానే," అంటుంది ఫాటోయియా, చేతిలో అల్లిక ఆపకుండా. "ఇప్పుడెందుకు లేవాలి?"