పెద్దరాణి వేసిన ముడి

చాలాకాలం నేనెందుకు రాయలేదంటే, రాయడం రాక. చిన్నప్పుడు తమ్ముళ్లను ఎత్తుకోవడం నా పని. బడికి వెళ్లింది వాళ్లు. పెళ్లయి తిరువూరు వచ్చాక పొలం, పాడి, పిల్లలు. పిల్లలు పెద్దవాళ్లయ్యాక కాస్త తీరిక దొరికింది. మా వీధి చివర ఒక పంతులమ్మగారు పొద్దుటిపూట ఆడవాళ్లకు అక్షరాలు చెబుతున్నారని తెలిసి, వెళ్తానని అత్తయ్యను అడిగాను. ఈ వయసులో పలక పట్టుకుంటే నలుగురూ నవ్వుతారన్నారు. మళ్లీ అడిగితే చేట తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయారు. ఆవిడకూ చదువు రాదు.

అవి డెబ్బైల నాటి రోజులు. ఏటా విత్తనానికి వేరుశెనక్కాయలు ఒలిచేటప్పుడు మా పెరట్లో ఒక ఆట ఆడేవాళ్లం. ఏడు గదుల కోట అని మేమే కట్టుకున్న కోట. అత్తయ్య ఎప్పుడూ పెద్దరాణే. పక్కింటావిడ మంత్రి, మా తోడికోడలు మాటలాడే చిలుక. నేను పెద్దరాణి కోడలిని. వేసుకుంటే ఆకాశంలో నడిపించే పావుకోళ్లు నావి. ఒకరు ఆటలో తమ పాత్ర చేత ఏదో వింత పని చేయించి ఆపేస్తారు. అది ముడి. ఆ పని ఎందుకు చేసిందో మిగతావాళ్లు చెప్పాలి. ముడి వేసినవాళ్లు కాదనలేని జవాబు చెప్పినవాళ్లు ఒక కోరిక కోరవచ్చు. ముడి వేసినవాళ్లు అది తీర్చాలి. తీర్చనివాళ్లను మరుసటి ఏడు ఆటలోకి రానివ్వరు. మామూలుగా జాడీడు ఆవకాయో, తలంటో అడిగేవాళ్లు. అత్తయ్య ముడి మాత్రం ఎవరూ విప్పలేదు.

నేను చదువు మాట అడిగిన ఏడు, ఒలుపు ఆఖరి రోజు, పెద్దరాణి నా పావుకోళ్లను పొయ్యిలో పెట్టిందని, అవి కాలుతుంటే పక్కనే కూర్చుని ఏడ్చిందని చెప్పి, అత్తయ్య మళ్లీ కాయల్లో చెయ్యి పెట్టారు.

"కుళ్లు," అంది తోడికోడలు. "అత్త కదా, ఇంకో కారణం ఎందుకు?"

"కుళ్లుతో కాల్చినావిడ నవ్వుకుంటుంది గానీ ఏడుస్తుందటే చిలకమ్మా?" అన్నారు అత్తయ్య.

కోడలు ఎగిరిపోతే కొడుకు ఒంటరివాడవుతాడని రాణి భయపడిందంది మంత్రి. కొడుకు యుద్ధానికి పోయి ఏడాదైందని, ఎలాగూ ఒంటరివాడేనని అత్తయ్య కొట్టిపారేశారు.

నాకు ముందురోజు ఆట గుర్తొచ్చింది. అటక మీది పెట్టెను పెద్దరాణి రోజూ తుడుస్తుందని, మూత మాత్రం తియ్యదని అత్తయ్య మాటవరసకు అన్నారు. అప్పుడెవరూ పట్టించుకోలేదు.

"ఆ పెట్టెలో రాణిగారివీ పావుకోళ్లు ఉన్నాయి అత్తయ్యా," అన్నాను. "ఆవిడ ఎన్నడూ వేసుకోలేదు. కోడలు పైకి వెళ్తుంటే కింద నిలబడి చూడలేకపోయింది. ఏడ్చింది వాటి కోసమే."

అత్తయ్య చెయ్యి ఆగింది. "మరి మూత ఎందుకు తియ్యలేదంటావు?"

"పడిపోతానన్న భయం కాదు. నలుగురూ నవ్వుతారని."

అత్తయ్య నా ముఖంలోకి చూశారు. తర్వాత చేతిలోని పొట్టు నా ఒళ్లోకి విసిరి, "విప్పింది," అన్నారు.

అందరూ ఒక్కసారిగా గోల పెట్టారు. కోరిక కోరమన్నారు. నేను తడుముకోలేదు.

"రేపటినుంచి పంతులమ్మగారింటికి వెళ్తాను."

"పొద్దున్నే గేదెను ఎవరు పితుకుతారు? రాణిగారా?" అన్నారు అత్తయ్య.

"రాణిగారే," అంది చిలుక.

అత్తయ్య కొంగు అడ్డం పెట్టుకున్నా నవ్వు దాగలేదు. కావాలనే నాకు లొంగారని తోడికోడలు తర్వాత అనేది. ఆ పెట్టె సంగతి ముందే ఎందుకు బయటపెట్టారని అడిగేది. ఏమో, అత్తయ్య మనసు అత్తయ్యకే తెలియాలి. నేను మాత్రం గెలిచాననే అనుకున్నాను, ఇప్పటికీ అలాగే అనుకుంటాను.

మర్నాడు పొద్దున అత్తయ్య తప్పేలా పట్టుకుని గేదె దగ్గరికి వెళ్లారు. నేను బజారుకు వెళ్లి రెండు పలకలు కొన్నాను. ఒకటి ఆవిడ మంచం మీద పెట్టి, రెండోది అందరికీ కనిపించేలా చేత్తో పట్టుకుని, వీధి మధ్యలోంచి పంతులమ్మగారింటికి నడిచాను.