ఆయ్ అంటే అవునని కాదు

మా గోదావరి వాళ్ళ 'ఆయ్'కి అర్థం చెప్పమని ఇంకెవరైనా అడిగితే నేను లేచి బయటికి వెళ్ళిపోతాను. మొన్న చలికాలమంతా కంప్యూటరు ముందు కూర్చుని నానా దేశాల వాళ్ళకీ అదే చెప్పాను. తల ప్రాణం తోకకొచ్చింది.

అమలాపురంలో ఒక కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెబుతాను. సాయంత్రాలు ఇంటి దగ్గర ఇంకో పని పెట్టుకున్నాను. హెలికాప్టరు ప్రమాదాలు తగ్గించాలని కొన్ని దేశాల వాళ్ళు ఒక బృందంగా కలిశారు. ఒక్కో దేశంలో హెలికాప్టరు కూలడమనేది అరుదు. ఎప్పుడో ఒకసారి జరిగేదాన్ని పట్టుకుని ఎంత చూసినా కారణం తేలదు. అందుకని కూలినవే కాదు, కూలబోయి నిలదొక్కుకున్నవి, ఇంజను తేడాగా మోగినవి, బోల్టు వదులైనవి, ఇలాంటి చిల్లర సంగతులన్నీ అందరి దగ్గరా పోగుచేసి ఒకచోట పోసి చూస్తారు. బ్రెజిల్లో జారిన బోల్టుని మన దగ్గర జారకముందే బిగించుకోవచ్చని ఆశ. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోకూడదని మన పెద్దవాళ్ళు చెప్పిందే, కాకపోతే దీనికి పెద్ద పెద్ద కంప్యూటర్లు కావాలి. ఆ ఆలోచన నాకు నచ్చింది. నచ్చడానికి అసలు కారణం మా తమ్ముడు.

వాడు సముద్రంలో చమురు తవ్వే రిగ్గు మీద వంటవాడు. కొన్నాళ్ళు అక్కడుంటాడు, కొన్నాళ్ళు మా ఇంట్లో ఉంటాడు. అక్కడ అంతమందికి వండి వార్చే మనిషి ఇంటికొస్తే స్టవ్వు వంక కన్నెత్తి చూడడు. వెళ్ళడం, రావడం హెలికాప్టరులోనే. వాడు హెలికాప్టరు ఎక్కే చోటుని అందరూ 'బేసు' అంటారు. నా దగ్గరికి వచ్చే మాటలన్నీ ఆ బేసులో పనిచేసే వాళ్ళవే.

ఏర్పాటు ఇదీ. సామాన్లు ఎక్కించేవాళ్ళని, ఇంధనం నింపేవాళ్ళని ఒకాయన కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగి రికార్డు చేస్తాడు. కంప్యూటరు ఆ తెలుగు విని, రాసి, ఇంగ్లీషులోకి మార్చి, అవునన్న వాళ్ళెందరో కాదన్న వాళ్ళెందరో లెక్క తేలుస్తుంది. తెలుగు సరిగ్గా విందో లేదో చూడడం నా వంతు.

మొదటి సమావేశంలోనే మా బేసుకి పెళ్ళివారి మర్యాద జరిగింది. అన్ని దేశాల్లోకీ మావాళ్ళే శుభ్రంగా ఉన్నారట. అడిగిన ప్రతిదానికీ అవుననే చెప్పారట. బృందానికి పెద్ద ఒక స్కాట్లాండు ఆయన. నెరిసిన గడ్డం, నవ్వు మొహం. ఆయన ఆనందం చెప్పనలవి కాదు.

"మా ఊళ్ళో కూడా అవునంటే 'ఆయ్' అనే అంటాం! ఇంత దూరంలో మీరూ అదే మాట అంటున్నారంటే ఎంత ఆశ్చర్యం!" అన్నాడు.

నేనూ నవ్వాను. ఆ తరవాత రికార్డులు విన్నాను. నవ్వు ఎగిరిపోయింది.

ఒక దాంట్లో ప్రశ్నలు అడిగే ఆయన కాయితం చూసి చదువుతున్నాడు. "సామాన్లు పెట్టే తలుపుకి గడియ సరిగ్గా పడుతోందా అండీ?"

"ఆయ్," అన్నాడు సామాన్లు ఎక్కించే మనిషి. ఎక్కడో కాకి అరిచింది. అడిగే ఆయన తొందరలో ఉన్నాడు, తరవాతి ప్రశ్నకి వెళ్ళిపోతున్నాడు. సరిగ్గా అప్పుడు ఆ మనిషి గొంతు సవరించుకుని, "మొన్నే చెప్పేమండీ..." అన్నాడు. ఆ మాట మీదే ఇంధనం ప్రశ్న వచ్చి పడింది. "ఆయ్," అన్నాడు మళ్ళీ.

కంప్యూటరు రాసింది: గడియ, అవును. ఇంధనం, అవును. ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమన్నట్టుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. గడియ బాగా పడుతుంటే 'మొన్నే చెప్పేం' అని ఎవరంటారు? బాగున్న తలుపు గురించి ఎవరికైనా, ఎందుకైనా, ఏమని చెబుతారు?

మా వైపు పుట్టినవాళ్ళకి ఇది విప్పి చెప్పక్కర్లేదు. ఆయ్ అంటే తమరి మాట నా చెవిన పడిందండీ అని. తమరంటే గౌరవమండీ అని. అసలు సంగతి మెల్లగా మనవి చేసుకుంటానండీ అని. పెద్దవాళ్ళు అడిగితే మొహం మీద 'లేదు' అనడం మాకు చేతకాదు. ముందు ఆయ్ అని పీట వేస్తాం, దాని మీద మెల్లగా లేదుని కూర్చోబెడతాం. ఎదుటివాడు ఆగితేనే అది వస్తుంది. ముక్తేశ్వరంలో కుళాయి బాగుచేసేవాణ్ణి "రేపొస్తావా?" అంటే "ఆయ్" అంటాడు. ఆ మాట నమ్మి మర్నాడు పనులు మానుకుని ఇంట్లో కూర్చున్న వెర్రివాడు ఆ ఊళ్ళో ఒక్కడున్నాడా?

ఇదంతా ఇంగ్లీషులో చెప్పబోతే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

"అంటే అవునా, కాదా?" అంది నార్వే ఆవిడ. లెక్కలన్నీ ఆవిడ చేతిలోనే ఉంటాయి.

"రెండూ కాదండీ."

"అయితే 'తెలియదు'లో వేసేద్దామా?"

"వాళ్ళకి శుభ్రంగా తెలుసు. మనం వినలేదు."

"వినలేదు అని లెక్కలో ఎలా వెయ్యాలి?" అంది ఆవిడ. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగింది. అందుకే నాకు ఇంకా మండింది.

స్కాట్లాండు ఆయన మొహం చిన్నబోయింది. పాపం, చుట్టరికం కలిసిందనుకున్నాడు. అప్పుడు బ్రెజిల్ ఆయన కలగజేసుకుని, తమ దగ్గర కూడా పైలెట్ ముందు ఎవరూ కాదనరని, నవ్వి తల ఊపుతారని చెప్పాడు. అంతటితో ఆగితే బాగుండేది. ఇదే రకం హెలికాప్టరులో, ఇదే సామాన్ల తలుపు, తమ దగ్గర ఒకసారి గాలిలో ఉండగా తెరుచుకుందని కూడా చెప్పాడు. సంచి ఒకటి బయటికి ఎగిరి తోక దగ్గరి రెక్కకి వెంట్రుకవాసిలో తప్పిందట. తగిలి ఉంటే అంతే సంగతులు.

ఇన్ని దేశాల సంగతులు కలిపి పోసేది ఇందుకే కదా. అక్కడి తలుపూ ఇక్కడి తలుపూ పక్కపక్కన కనబడాలనే కదా. కనబడింది. కనబడ్డాక ఏం చేశారు? చర్చించారు. అవునా కాదా అని అడగడం మానేసి, 'తలుపు వేసి చూపించండి, వేసేటప్పుడు ఏం గమనించారో చెప్పండి' అని అడగాలని తీర్మానించారు. మంచి తీర్మానమే. ఎప్పటి నుంచీ అంటే వచ్చే మూడు నెలల ప్రణాళిక నుంచీ.

"మా తమ్ముడు సోమవారం ఎక్కుతున్నాడండీ!" అని అరిచేశాను. తరగతిలో కూడా నేను అంతలా అరవను.

స్కాట్లాండు ఆయన కళ్ళజోడు తీసి, ఇప్పుడే బేసుకి రాస్తానన్నాడు. రాశాడు కూడా. మర్నాడే జవాబొచ్చింది, నాకూ పంపాడు. 'విషయం గమనించడమైనది' అని ఒక్క ముక్క ఉంది అందులో. ఆయ్‌ని ఆఫీసు భాషలోకి మారిస్తే అదే వస్తుంది. ఆయన మాత్రం పని అయిపోయిందనుకుని నాకు అభినందనలు చెప్పాడు.

సోమవారం పొద్దున్న తమ్ముడు బ్యాగు సర్దుకుంటుంటే ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. బ్రెజిల్ సంచి సంగతి కూడా దాచలేదు. "సామాన్ల తలుపుకి గడియ పడిందని నీ కళ్ళతో చూసేదాకా ఎక్కకు. పైలెట్‌నే అడుగు. తెలిసిందా?"

"ఆయ్," అన్నాడు.

"ఆ ఆయ్ నా దగ్గరొద్దురా! ఊరందరి నోటా అది విని విని చచ్చిపోతున్నాను. అడుగుతావా, అడగవా?"

వాడు బ్యాగు జిప్పు లాగి, "బస్సుకి టైమయిపోతోందక్కా" అని వెళ్ళిపోయాడు. వాడి మీద, నా మీద, నార్వే ఆవిడ మీద, అందరి మీదా కోపమొచ్చింది. ఆ రోజు కాలేజీలో ఏం పాఠం చెప్పానో నాకే తెలియదు.

మధ్యాహ్నం భోజనాల వేళకి ఫోను మోగింది. వెనకాల ఇంజను హోరు లేదు. ఎవరెవరో విసుక్కుంటున్న మాటలు వినబడుతున్నాయి.

"అక్కా, అడిగేను," అన్నాడు.

"ఎవర్నిరా?"

"పైలెట్ గారినే. తలుపు చూపిస్తేగానీ ఎక్కనండీ అన్నాను. ఆయన ఏమీ అనలేదక్కా, దిగొచ్చి చేత్తో లాగేరు. గడియ ఊడొచ్చేసింది. ఇవాళ్టికి ఇది ఎగరదన్నారు. మా వాళ్ళందరూ నన్ను తిడతన్నారు, ఇంకో హెలికాప్టరు వచ్చేదాకా బల్లల మీద కూర్చోవాలని."

నాకు ఏడుపొచ్చింది. కాలేజీ వరండాలో పిల్లలు చూస్తున్నారని గోడ వైపు తిరిగాను.

"ఏంట్రా, గొంతలా ఉంది?"

"భయమేసింది."

"పెద్దాయన్ని అడగడానికా?"

"అడగడానిక్కాదక్కా. ఎక్కడానికి. మొదటిసారి ఎక్కిన రోజు నుంచీ అంతే."

"ఇన్నేళ్ళ నుంచీనా? ఒక్కసారైనా చెప్పేవేంట్రా? వచ్చినప్పుడల్లా గుమ్మంలోనే అడుగుతాను కదరా, ప్రయాణం బాగా జరిగిందా అని!"

"అడుగుతావు," అన్నాడు. "ఆయ్ అంటాను. నువ్వు అన్నం వడ్డించడానికి లోపలికెళ్ళిపోతావు."

ఫోను చెవికి ఆనించుకుని, వాడు ఇంకా ఏదైనా చెబుతాడేమోనని అలాగే నిలబడ్డాను.