అన్‌ఫిట్ అడగని ఆగయ్య

ఆగయ్యకు యాభై మూడేళ్లు. గోదావరిఖనిలో పాతికేళ్లు గని లోపల పనిచేశాడు. షుగర్‌తో చూపు దెబ్బతిన్నాక పైన లాంపు రూంలో డ్యూటీ ఇచ్చారు. షిఫ్టు దిగినవాళ్లు కిటికీలో టోపీ లైటు అప్పగిస్తే, అదే నంబరున్న ఇత్తడి బిళ్ల తిరిగివ్వాలి. ముఖాలు మసక. నంబర్లు మాత్రం బొటనవేలితో తడిమి చెప్పేస్తాడు.

చిక్కు లైట్లతో వచ్చింది. మధ్యాహ్నం మొదటి షిఫ్టు వదిలితే వందమంది ఒక్కసారే వస్తారు. తలలు కదిలినకొద్దీ వెలుతురు ముద్దలు అతని కళ్లముందు జారుతాయి. నేల కూడా జారినట్టుంటుంది. జూన్‌లో ఒకరోజు కౌంటరు పట్టుకొని కూలబడ్డాడు.

"నటన మస్తుగుంది బావా," అన్నాడు వరుసలో ఉన్న రాజం. "అన్‌ఫిట్ అయితే నీ బిడ్డకు నౌకరి."

"నా బిడ్డ కరీంనగర్‌ల నర్సు. దానికి నీ బొగ్గెందుకు?"

మెడికల్ బోర్డు పనికిరాడని తేలిస్తే వారసులకు ఉద్యోగం రావచ్చు. అందుకే ఇక్కడ తూలినవాణ్ని ముందు తాగాడంటారు, తాగలేదని తేలితే నాటకమంటారు. ఆగయ్యకు కావలసింది డ్యూటీయే. చూపు తగ్గాక ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వెళ్లగలిగే చోటు అదొక్కటే.

ఇన్‌ఛార్జి యజ్ఞనారాయణ పిలిచాడు. "మళ్లీ పడితే బోర్డుకి రాసేస్తానయ్యా. దెబ్బ తగిలితే నా మెడకి చుట్టుకుంటుంది."

"ఒక్క వారం ఆగుండ్రి సార్."

దవాఖానలో డాక్టరమ్మ, తూలడం చెవుల జబ్బు వల్ల కాదు, అవి బాగానే ఉన్నాయంది. కదిలే వెలుతురే తల తిప్పుతోంది, కదలనిదాన్ని చూడమంది. ఆగయ్య కౌంటరు అంచుకు తెల్ల టేపు వేయించుకున్నాడు. స్టూలు మీద కూర్చుని, పాదాలు నేలకు ఆనించి, ఆ టేపునే చూశాడు. సగం తగ్గింది.

గని లోపల, అంటే ఇక్కడి మాటలో బాయిలో, ఎదుటివాడి కళ్లలో లైటు కొట్టరు, దగ్గరికి రాగానే తల వంచుతారు. పైకొచ్చాక ఆ మర్యాద ఎవరికీ గుర్తుండదు. మర్నాడు ఆగయ్య కిటికీ మూసి లోపలి నుంచి అరిచాడు: "ఇది గూడ బాయే అనుకోండ్రి! లైటు బంద్ చేసినోనికే బిళ్ల."

"ఇంటికి పోనియ్యవా ఏంది?" అన్నాడు రాజం.

"ఆర్పు, ఇస్త."

రాజం గొణుక్కుంటూ ఆర్పాడు. వెనకవాళ్లూ ఆర్పారు.

వారం చివర యజ్ఞనారాయణ వచ్చి పక్కన నిలబడ్డాడు. నూట పన్నెండు లైట్లు వచ్చాయి. ఆర్పడం మరిచినవాళ్లూ ఉన్నారు. ఆగయ్యకు చెమట పట్టింది, రెండుసార్లు కళ్లు మూసుకున్నాడు. ఒక్క బిళ్లా తారుమారు కాలేదు.

"రేపు ఏ షిఫ్టు నీది?" అడిగాడు యజ్ఞనారాయణ.

"రెండో షిఫ్టే సార్."

"సరే, రా."