చుక్క చుక్కగా కారే కుండ

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. ఎండలు ముదిరాయి, వేళ్లు వంగడం లేదు, నార్సింగిలో నాకంటే చదువుకున్నవాళ్లకు కొదవా లేదు. కానీ పక్కింటి చెల్లె గురించి వాళ్లెవరూ రాయరు. ఆమె పోయి పదకొండు రోజులైంది. పొద్దున డ్యూటీకి బయల్దేరబోయి గడప మీద కూర్చుండిపోయిందట. దవాఖానకు చేర్చేలోపే అయిపోయింది.

మా ఇళ్లకు తూర్పున ఉన్న అద్దాల ఆఫీసులో ఆమె మొక్కలకు నీళ్లు పెట్టేది. మాకు మాట కలిపినవి రెండు ఊసరవెల్లులు. మా మేడ మీద కిరాయికున్న సాఫ్టువేరాయన పుణెకు బదిలీ అయి, రెండు వారాలు చూసుకోమంటూ పెంచుకునే అనుమతి కాగితాలతో సహా నాకు అప్పగించి వెళ్లాడు. విదేశీ జాతివి. అది మూడేళ్ల కిందటి మాట.

గదిలో వాటి ఒళ్లు ఎండిపోతుంటే బయట గూడు కట్టాలని నాకు నేనే చదివి తెలుసుకున్నాను. బడి ఏడో తరగతితో సరి. తర్వాతి చదువంతా పొట్లాల కాగితాల మీదే. ఒకసారి శనగల పొట్లంలో సగం హత్యకథ దొరికితే, మిగతా సగం కోసం నెల్లాళ్లు శనగలే తిన్నాను. దొరకలేదు, అది వేరే సంగతి. జామచెట్టు పక్కన ఇనుప చట్రం నిలబెట్టి, జాలీ బిగించి, మందార కుండీలు సర్ది, గిన్నెలో నీళ్లుంచాను. నాలుగు రోజులు అవి గిన్నె వైపే చూడలేదు. కళ్లు లోపలికి పోయాయి.

ఊసరవెల్లి ఎదురుపడితే అరిష్టమని చెల్లె మొదట్లో ముఖానికి కొంగు అడ్డం పెట్టుకునేది. ఐదో రోజు తానే గేటు తీసుకుని వచ్చింది.

"గిన్నెల పోస్తె ఎట్ల తాగుతయే అన్నా? చేన్ల జూడలేదా, వానపడ్డంక ఆకుమీది చుక్కలు నాకుతయి. నీళ్లు చూపిస్తె గాదు, కురిపియ్యాలె."

గుళ్లో శివుడి మీద వేలాడే పాత్ర గుర్తొచ్చిందో ఏమో, పాత కుండ అడుగున బొక్క పెట్టి, చీర పేలిక మెలితిప్పి అందులో దోపింది. మందారాకుల మీద చుక్కలు పడ్డాయి. కాసేపటికి పెద్దది కదిలి వచ్చి ఆకు నాకింది. చెల్లె అది చూసి డ్యూటీకి వెళ్లిపోయింది.

మధ్యాహ్నాలు అవి నోళ్లు తెరిచి రొప్పేవి. పడమట నేనెంత నీడ కట్టినా, తన ఆఫీసు అద్దాలే తూర్పు నుంచి ఎండను తిప్పికొడుతున్నాయని కనిపెట్టిందీ ఆమే. అటు తడి గోనెలు కట్టింది. రెండింటి మధ్యా పరదా వేసి, రెండో కుండ వేలాడదీసింది.

"ఒకదాని మొకం జూస్తె ఇంకోటి తినది. నేను, మా తోడికోడలు గిట్లనే ఉంటిమి."

పేలికలు వారానికోసారి మార్చాలి. వదులైతే ధార కడుతుంది, బిగిస్తే చుక్క రాదు. ఆ కిటుకు ఆమె చేతికే తెలుసు. జర నేర్చుకో అన్నా, నేనెప్పటికీ ఉంటనా అనేది. వచ్చే వారం చూద్దాంలే అనేవాణ్ణి. మూడేళ్లూ అదే అన్నాను.

ఆమె పోయిన నాలుగో రోజుకు పేలికలు కుళ్లి ఊడిపోయాయి. నేను పెట్టినవి ఒకటి ధార కట్టింది, ఒకటి మూసుకుపోయింది. చేత్తో చిలకరిస్తూ వారం నెట్టుకొచ్చాను. చిన్నదాని కళ్లు మళ్లీ లోతుకు పోయాయి.

ఈ పొద్దున ఎన్నోసారో మెలితిప్పాక, రెండు కుండలూ చుక్కలు రాల్చాయి. చిన్నది వచ్చి తాగింది. పెద్దది మధ్యాహ్నం దాకా రాలేదు. తర్వాత వచ్చింది.