చల్లారమ్మ

మెకానికల్ డిప్లొమా రెండో ఏడు చదివే ఆ అమ్మాయిని క్లాసంతా చల్లారమ్మ అంటుంది. టీ తొరక కట్టేదాకా తాగదు. అన్నతో పోట్లాటొస్తే, "రేపు తేల్చుకుందాంలే అన్నయ్యా" అని జడ ముడేసుకుని వెళ్ళిపోతుంది. లేత్ మెషీన్ పరీక్షనాడు అందరూ ఇనప కడ్డీని ఇరవై మిల్లీమీటర్ల మందానికి చెక్కి, అక్కడికక్కడే కొలిచి గబగబా ఇచ్చేశారు. తను మాత్రం చివరి పొర తీయకుండా చేతులు కట్టుకుని నిలబడింది.

"ఏమ్మా, కునుకు పట్టిందా?" అన్నారు మాస్టారు.

"కాలిపోతోంది సార్. వేడికి ఉబ్బింది. చల్లారనివ్వండి, అప్పుడు కొలిచి చివరి పొర తీస్తా."

క్లాసు గొల్లుమంది. గంట తర్వాత మాస్టారు అన్నీ మళ్ళీ కొలిచారు. అందరివీ వెంట్రుకవాసి సన్నబడ్డాయి, ఆమెది తప్ప. ఎందుకైనా మంచిదని, పొద్దున తాను చెక్కి చూపించిన నమూనా కడ్డీనీ కొలిచారు. చడీచప్పుడు లేకుండా జేబులో వేసుకున్నారు.