వదిన వేలు చూపిన పుట్ట

మా అన్న మనవలు సెలవులకు ఊరికి వచ్చి అడవి వైపు బయల్దేరితే, ఇంట్లో పెద్దవాళ్లు ఒక మాట చెప్పి పంపుతారు. పుట్టకొక్కు, అదే పుట్టగొడుగు, కనిపిస్తే వేలు పెట్టి చూపకూడదు, మీ అవ్వ ఒకసారి అట్లా చూపినందుకే మన పుట్ట మీద కొక్కులు రావడం మానేశాయి అని. ఈ మాట మా ఇంట్లో నలభై ఏళ్లకు పైగా నలుగుతోంది. అవ్వ అంటే మా వదిన. ఆమె ఉన్నన్నాళ్లూ ఆమె ముందే అనేవాళ్లు, ఆమె కూడా తల ఊపేది. ఆమె పోయి ఏడాది దాటింది. ఆ మాట నిజం కాదని ఇంట్లో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

మాది ముత్తుకూరు దగ్గర, సముద్రపు హోరు వినిపించే ఊరు. ఊరి వెనక ఇసుకనేల, దాన్ని దాటితే చిట్టడవి. కానుగలు, పాలచెట్లు, కలివిపొదలు. ఇసుక తగ్గి ఎర్రమన్ను మొదలయ్యే చోట, ఒక పాలచెట్టు మొదట్లో నడుమెత్తు పుట్ట ఉండేది. ఆశ్వయుజంలో ఉరుములతో వానలు పడ్డాక దాని చుట్టూ తెల్లగా కొక్కులు లేచేవి. మా వాళ్లెవరూ వాటి జోలికి పోయేవాళ్లు కాదు, వదిన వచ్చేదాకా.

ఆమెది పడమట కొండల కింది పల్లె. యాభైల చివర్లో పెళ్లయి వచ్చింది. సముద్రమంటే భయం, చేపల వాసన పడదు, మనసు విప్పి మాట్లాడేందుకు మనిషి లేదు. వచ్చిన ఏడాది వానల్లో ఒక ఉదయం ఒడి నిండా కొక్కులు తెచ్చి వంటింట్లో పోసింది. మా అమ్మ వెనక్కి జరిగింది.

"చంపుతావా ఏందమ్మే అందర్నీ?"

"ముందు నేను తింటాలే అత్తా. రేపు పొద్దున నేను లేస్తే మీరు తిందురు."

"లేవకపోతే?"

"మీ కొడుక్కి ఇంకో పిల్లని చూడండి. చేపలొండే పిల్లని."

అమ్మకు నవ్వొచ్చింది. అయినా వెండి ఉంగరం వేసి ఉడకబెట్టమంది. విషమైతే ఉంగరం నల్లబడుతుందట. వదిన ఉంగరాన్ని నమ్మేది కాదు. ఒక కొక్కును తిరగేసి నా ముందు పెట్టింది.

"కింద చూడాల అబ్బయ్యా, పైన కాదు. మొదట్లో సంచి మాదిరి ఉంటే వద్దు. కాడకు ఉంగరం మాదిరి కట్టుంటే వద్దు. గొడుగు కింద రేకలు పచ్చగా కనబడితే ముట్టుకోనే వద్దు. దీనికి చూడు, నెత్తిన మొన ఉండాది, కాడ సన్నబడి తోకమాదిరి పుట్టలోకి పోయుండాది."

"అన్నీ సరిగ్గా ఉండి, పుట్ట మీద కాకుండా వేరే చోట ఉంటే?"

"మనది కాదు. ఎంత ముద్దొచ్చినా వదిలేసి రావడమే."

మా ఇంట్లో కార్తీకమాసం నీసు ముట్టరు. కొక్కుల్ని కూడా అమ్మ నీసు కిందే జమకట్టింది. అవేమో ఆశ్వయుజం చివర్లో మొదలై కార్తీకంలోకి సాగేవి. అందుకని ముందు లేచినవాటిని వదిన ఎండబెట్టేది. కడిగేది కాదు. తడిగుడ్డతో మన్ను తుడిచి, చేత్తో నిలువునా చీల్చి, ఉప్పూ పసుపూ రాసి పాత చీర మీద ఆరేసేది. వాళ్ల పల్లెలో అదే చాలట. ఇక్కడ సాయంత్రానికి సముద్రపు గాలి తగిలి మళ్లీ మెత్తబడేవి. మొదటి ఏడు బూజు పట్టి అన్నీ పారబోసింది. మరుసటి ఏడు దారానికి గుచ్చి పొయ్యి పైన దూలానికి వేలాడదీసింది. ఆ సెగకూ పొగకూ బెరడులాగా ఎండాయి, విరిస్తే టక్కుమనేవి. వాటిని కుండలో పోసి, మూతికి గుడ్డ కట్టి అటక ఎక్కించింది. కార్తీకం వెళ్లాక వేడినీళ్లలో నానేసి పులుసు పెట్టింది. ఆ పులుసు ఉన్న రోజు మా అన్న పొలం నుంచి పొద్దుండగానే వచ్చేవాడు.

కార్తీకంలో లేచిన కొక్కులు మాత్రం ఇంట్లోకి తేవడానికి వీల్లేదు. పుట్ట మీదే కుళ్లిపోయేవి. వదినకు ప్రాణం ఉసూరుమనేది. ఆ రోజుల్లో మా ఊరి బడికి ఒక అయ్యవారు బదిలీ మీద వచ్చారు. క్రైస్తవులు, కార్తీకం పట్టింపు లేదు. ఆయన భార్యను అందరూ అయ్యవారమ్మ అనేవాళ్లు. ఆమెదీ పడమటి వైపే. కులం తక్కువని అమ్మ ఆమెను గడప దాటనిచ్చేది కాదు. అందుకని వాళ్లిద్దరూ పుట్ట దగ్గరే కలుసుకునేవాళ్లు. కొక్కులు ఏరుకోవడం కాసేపే, కబుర్లు మధ్యాహ్నం దాకా. వదిన అంతసేపు నవ్వడం నేను అక్కడే చూశాను.

మొదటిసారి ఆమెను తీసుకొచ్చిన రోజు నేను దగ్గర్లోనే ఇసుకనేలలో మొక్కలకు గుంతలు తీస్తున్నాను.

"అదిగో అమ్మే, ఆ వేరు పక్కన," అని వదిన వేలు చాపింది.

"వేలు పెట్టొద్దక్కా. మళ్లీ రావంటారు."

"వస్తాయిలే. రాకపోతే నిన్నూ రావద్దంటా."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ సంగతి నేను ఇంట్లో సరదాగా చెప్పాను. అప్పుడెవరూ పట్టించుకోలేదు.

ఇసుకనేలలో సరుగుడు వేయాలన్న ఆలోచన నాది. నాకప్పుడు ఇరవై దాటాయి. నాన్నను ఒప్పించడానికే చాలా కాలం పట్టింది. తీరా నాటాక, వేసవికల్లా మొక్కలు చెదపట్టి వరసలు వరసలుగా వాలిపోయాయి. నెల్లూరు నుంచి చెదల మందు పొడి తెచ్చి మొదళ్లలో వేశాను. ఆగలేదు. చెద ఎక్కణ్ణుంచి వస్తోందో కంటికి కనబడుతూనే ఉంది. ఒక మధ్యాహ్నం గడ్డపారతో పుట్ట నెత్తిన కన్నం పొడిచి, మిగిలిన పొడంతా లోపల పోసి, నీళ్లు కుమ్మరించి, పైన మన్ను మెత్తాను. కొక్కులు ఉరుములకు పుడతాయనుకునేవాణ్ణి. చెద చస్తే కొక్కు కూడా పోతుందని నాకు తెలియదు. కానీ నాగులచవితికి అమ్మ పాలు పోసే పుట్ట అదేనని తెలుసు. అందుకే ఎవరూ లేని వేళ చూసుకున్నాను.

మొక్కలు నిలబడ్డాయి. నాన్న నలుగురిలో నన్ను మెచ్చుకున్నాడు.

ఆ ఏడు ఉరుములు వచ్చాయి, వానలు పడ్డాయి. కొక్కులు లేవలేదు. వదిన రోజూ వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చేది. ఒకరోజు నేను అన్నం తింటుండగా అమ్మ అడిగింది.

"ఆ అయ్యవారమ్మకు వేలు పెట్టి చూపినావంట గదా. మీ మరిది పోయినేడే చెప్పినాడు."

"చూపినానత్తా."

"మరింకేం. పుట్ట అలిగింది."

వదిన నా వైపు చూడను కూడా లేదు. తప్పు తనదేనని ఆ క్షణంలోనే నమ్మేసింది. నేను నోరు తెరిస్తే చాలు. కానీ పుట్టలో మందు పోశానంటే అమ్మ సర్పదోషమని ఇల్లు పీకి పందిరేస్తుంది. నాన్న మెప్పు పోతుంది. నాకు సంబంధాలు చూస్తున్నారు. తలొంచుకుని మజ్జిగ పోసుకున్నాను. చవితికి అమ్మ ఆ పుట్టకే పాలు పోసింది. పాల చెంబు నేనే మోశాను.

అత్త చేత ఆ మాట పడ్డాక వదిన అటు వెళ్లడం, అయ్యవారమ్మను కలవడం మానేసింది. కొన్నాళ్లకు అయ్యవారమ్మ మా దడి బయట నిలబడి "అక్కా" అని పిలిచింది.

"లేనని చెప్పు అబ్బయ్యా," అంది వదిన లోపల్నుంచి, మెల్లగా.

వెళ్లి చెప్పాను. అయ్యవారమ్మ మా వంటింటి పొగ వైపు చూసి వెళ్లిపోయింది. తర్వాత వాళ్లకు బదిలీ అయింది. కిందటేడు ఎండబెట్టినవి కొన్ని ఇంకా కుండలో ఉండేవి. వదిన వాటిని వండలేదు, పారేయలేదు. పురుగు తొలిచి పొడి అయ్యాక కుండ కడిగి చింతపండుకు వాడింది.

అరవైల చివర్లో ఇల్లు మెత్తడానికి మన్ను కావాలని వేరే చోట ఒక పుట్ట తవ్వించాను. లోపల తేనెపట్టు లాంటి తుట్టె, దాని నిండా చెదలు, ఆ తుట్టెలోంచే ఒక కొక్కు తోక పైకి లేస్తోంది. నేనేం చేశానో అప్పుడు అర్థమైంది. అప్పుడైనా చెప్పాల్సింది. అమ్మ అప్పటికే లేదు, దోషమనేవాళ్లు లేరు. ఇన్నేళ్ల తర్వాత ఎందుకులే అనుకున్నాను. అట్లా అనుకుంటూనే వదిన పోయేదాకా గడిపేశాను.

మొన్న నెల్లూరులో అయ్యవారమ్మ ఉంటున్న ఇల్లు కనుక్కుని వెళ్లాను. కళ్లు సరిగ్గా కనబడవు గాని, నా గొంతు గుర్తుపట్టింది. జరిగిందంతా చెప్పాను.

"మీ వదినకు చెప్పినావా?"

"లేదమ్మా."

"ఒక్కసారన్నా?"

"లేదు."

ఆమె చీర కొంగు మడతలు పెట్టుకుంది.

"ఆ పొద్దు ఆమె లోపలుండాదని నాకు తెలుసు నాయనా. మీ అమ్మ మాదిరే ఆమెకూ కులం గుర్తొచ్చిందనుకున్నా. ఇన్నేళ్లూ అట్నే అనుకుంటా ఉండా."

నేను లేచాను. వాకిలి దాకా వచ్చి, గడప తడుముకుంటూ ఆగింది.

"మీ ఇంట్లో పిల్లోళ్లకు చెప్పు," అంది. "వేలు పెట్టి చూపొచ్చని."