పెన్న ఇసుకలో మూడు వేళ్ల బేరం

దెయ్యాల విషయంలో నాది గుడ్డల విషయంలో ఉన్న పద్ధతే. చేత్తో పట్టి, నలిపి, వెలుతురులో పెట్టి చూడనిదే ఏదీ నమ్మను. కడపలో మాది బట్టల అంగడి. నాకు అక్షరాలు దిద్దించక ముందే మా నాయన నేత చూసి అది ఏ ఊరి మగ్గమో చెప్పడం నేర్పించాడు. అట్లాంటివాడిని ఈ సంగతి రాయడానికి కూర్చున్నానంటే, ఇన్నేళ్లూ నాలో నేనే బేరమాడుకుని ఓడిపోయానని అర్థం.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారిపోయిన తర్వాతి రోజులు. ఎండాకాలం. పెన్నలో చుక్క నీళ్లు లేవు, కంటికి ఆనినంత ఇసుకే. ఆ ఇసుక కోసమే ఒక పటాలం వచ్చి ఏటిగట్టున గుడారాలు వేసింది. వాళ్లు ఈజిప్టు వైపు ఎడారికి పోవలసినవాళ్లు. యుద్ధం చేయడానికి కాదు. కొట్లాడుకున్న రెండు దేశాల మధ్య గీత మీద నిలబడి, మళ్లీ కొట్లాట రాకుండా చూడటం వాళ్ల పని. ఓడ ఎక్కేముందు ఇక్కడ సాధన.

ఆ పటాలంలో మా వీధివాడు దస్తగిరి ఉన్నాడు. వాళ్ల నాయన మా అంగడి అరుగు మీదే మిషను పెట్టుకున్న దర్జీ. మేమిద్దరం కలిసి పెరిగాం. వాళ్లమ్మ మా వీధి పిల్లలందరికీ ఖాలమ్మ, అంటే పిన్నమ్మ. దండుకు కూరగాయలు, కట్టెలు తోలే పని నాకు దొరికిందని తెలిసి ఆమె అంగడికి వచ్చింది.

"ఏమప్పా సుబ్బయ్యా, ఆ దేశంలో నేలలో మందుపాతరలు పూడ్చిపెట్టినారంట గదా. వీడు సూస్తే ఇంట్లో గడప గూడా సూసుకోకుండా నడుస్తాడు. నువ్వు దినామూ ఆడికి పోతాండావు. ఈడ నేర్పించేది వానికి బాగా వస్తాండాదో లేదో సూసి నాకు నిజం చెప్పు."

సరేనన్నాను.

నేర్పించే పద్ధతి ఇదీ. మందుపాతరలకు బదులు మట్టి మూకుళ్లు. వాటిని బోర్లించి, పైన పలచగా ఇసుక కప్పేవాళ్లు. అవి తెచ్చి ఇచ్చింది నేనే, కుమ్మరి ప్రాణం తీసి బేరమాడి. కాలు పడితే మూకుడు పటుక్కుమనేది. అంటే ఆ సిపాయి చచ్చిపోయినట్టు లెక్క. ఆ మూకుళ్ల నడుమ దారి తప్పి చిక్కుకున్నట్టు ఒక మనిషి కూర్చోవాలి. సిపాయి సన్నటి ఇనుప చువ్వతో ఇసుకను పొడుచుకుంటూ వచ్చి, ఆ మనిషిని బయటికి తీసుకుపోవాలి. చిక్కుకున్న మనిషి వేషానికి సాధన చేయించే పటాలం దొర నన్ను చూపించాడు.

"మోసుకురావల్సి వస్తే బరువు అలవాటు కావాలంట, శెట్టీ. ఊర్లో నీకన్నా లావు మనిషి దొరకలేదంట," అన్నాడు దస్తగిరి పళ్లికిలిస్తూ. నేను సిగ్గుపడలేదు. కూర్చున్నందుకు వేరే కూలి అడిగాను. ఇచ్చారు.

దస్తగిరికి మాత్రం ఆ విద్య అబ్బలేదు. తొందర మనిషి. ప్రతిసారీ నా దగ్గరికి సగం దూరం రాకముందే పటుక్కు. గట్టు మీద ఆ దేశపు జనంలాగా వేషం కట్టి నిలబెట్టిన హమాలీలు గొల్లుమనేవాళ్లు.

"దస్తగిరీ, మల్లా సస్తివి గదప్పా!"

"వాడు సస్తే సచ్చినాడు, మంచి మూకుడు పాయ!"

నేనూ నవ్వేవాడిని. ఒకరోజు వాడు నా పక్కన కూలబడి, "నవ్వద్దు శెట్టీ. ఇది వచ్చినా రాకున్నా ఓడ ఎక్కాల్సిందే. ఆడ మూకుళ్లుండవు," అన్నాడు. ఆ సాయంత్రం ఖాలమ్మ అడిగితే, "శానా బాగా నేర్చుకుంటాండాడు ఖాలమ్మా," అని చెప్పి లోపలికి పోయాను.

ఆ మర్నాడు మధ్యాహ్నం జరిగిందే నేను చెప్పదలచుకున్నది.

దొర భోజనానికి గుడారంలోకి వెళ్లాడు. దస్తగిరి మళ్లీ ఒకసారి ప్రయత్నిస్తానని చువ్వ పట్టుకుని అంచున నిలబడ్డాడు. నేను మూకుళ్ల నడుమ, నెత్తిన తువ్వాలు కప్పుకుని కూర్చున్నాను. అప్పుడు ఏటి అవతలి వైపు నుంచి ఒక ఆడమనిషి మేకను తోలుకుంటూ తిన్నగా నా వైపే నడిచి వచ్చింది. మూకుళ్ల మీదుగా. ఒక్కటీ పటుక్కుమనలేదు.

నల్లటి పొడుగు అంగీ. మొదట తండా నుంచి వచ్చిన సుగాలామె అనుకున్నాను. కానీ సుగాలీల కుట్టులో అద్దాలుంటాయి. ఈ అంగీకి అద్దాల్లేవు. రొమ్ము నిండా ఎర్రదారంతో సన్నటి అడ్డుకుట్టు, ఒక్క చోట కూడా పోగు తప్పలేదు. ముసుగు అంచున నాణేలు వేలాడుతున్నాయి. ఆ కుట్టు ఏ ఊరిదో నాకు తెలియలేదు. అట్లా తెలియకపోవడం నాకు అదే మొదలు.

తెలివైనవాడైతే నువ్వెవరమ్మా అని అడుగుతాడు. నేను బేరం పెట్టాను. ఇట్లాంటి గుడ్డ అంగడిలో వేలాడదీస్తే కడప అంతా వచ్చి చూస్తుందనిపించింది. పశువుల సంతలో దళారులు పక్కవాడికి కనబడకుండా తువ్వాలు చాటున వేళ్లతో ధర చెప్పుకుంటారు. నేనూ నెత్తిమీది తువ్వాలు చేతిమీదికి లాక్కుని, అంగీ చూపించి, ఆ చాటున ఆమెకు మాత్రమే కనబడేట్టు మూడు వేళ్లు చాపాను. మూడు రూపాయలు. ఐదు దాకా పోవచ్చని మనసులో ఉంది.

ఆమె తల పైకెత్తి, నాలుకతో టక్కుమని శబ్దం చేసింది. కోపం లేదు. నవ్వినట్టే ఉంది.

తర్వాత నా వెనక్కి పోయి నిలబడి, దస్తగిరి వైపు చేయి చాపింది. అరచేయి కిందికి పెట్టి అదిమితే ఆగు. పక్కకు ఊపితే జరుగు. వాడు ఒక్క క్షణం తటపటాయించి, ఆ చేయి చెప్పినట్టే నడిచాడు. నా దగ్గరికి వచ్చేదాకా ఒక్క మూకుడూ పగలలేదు. గట్టు మీద హమాలీలు ఈలలు వేశారు. ఇద్దరం ఆ ఈలలకు అటు తిరిగి, మళ్లీ ఇటు చూస్తే ఆమె లేదు.

కంచె అవతలికి పోయిందేమో అనుకున్నాం. దొర వచ్చి సంగతి విని, ఆడవాళ్లను ఎవరు రానిచ్చారని కేకలేశాడు. కాపలావాళ్లు ఎవరూ రాలేదన్నారు. హమాలీలు మేకను కూడా చూశామన్నారు. నేను పోయి ఆమె నడిచిన చోట ఇసుక తీసి చూశాను. మేక గిట్టల గుర్తు కింద మూకుడు చెక్కుచెదరకుండా ఉంది. మేక తేలిక కాబట్టి పగల్లేదేమో అని, మా అంగడి ముందు తిరిగే బక్క మేకను తెప్పించి దాని మీదికి తోలి చూశాను. పటుక్కుమంది.

బేరం సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఊరూ పేరూ తెలియని ఆడమనిషికి ఒంటి మీది గుడ్డకు వేళ్లు చూపించానంటే మా ఆవిడ అన్నం పెట్టదు.

పటాలం వెళ్లిపోయింది. ఏడాది పైన గడిచాక దస్తగిరి రెండు కాళ్ల మీదా నడిచి వచ్చాడు. ఖాలమ్మ వీధిలోనే వాడి పాదాలు తడిమి చూసి ఏడ్చింది. ఆ సాయంత్రం వాడు మా అంగడి అరుగు మీద కూర్చుని చెప్పాడు.

అక్కడ ఒక మేక వెంట పడి, చిన్నపిల్ల ఒకతి మందుపాతరల నేలలోకి పోయి, భయంతో నడుమ కూర్చుండిపోయిందట. పాతరలు తీసేవాళ్లు వచ్చేదాకా ఎవరూ కదలగూడదని ఆజ్ఞ. పిల్ల లేవబోతోంది. అప్పుడు అవతలి అంచున నల్ల అంగీ ఆడమనిషి ఒకామె నిలబడి, అరచేయి కిందికి అదిమింది.

"ముక్కూ మొగం తెలీనామె అయితే నేను నమ్మేవాడినే కాదు శెట్టీ. ఆయమ్మను నేను పెన్నలో సూసినా. ఆ చెయ్యే. చెప్పినట్టు నడిచినా, బిడ్డను ఎత్తుకొస్తి."

తర్వాత దుబాసీని వెంటబెట్టుకుని ఆమె దగ్గరికి పోయి, మా ఊరికి ఎప్పుడైనా వచ్చావా అని అడిగించాడట. ఆమె తల పైకెత్తి టక్కుమందట. అక్కడ లేదు, కాదు అనడానికి అందరూ అట్లాగే చేస్తారట. ఆ తర్వాత ఆమె చెప్పిన మాటకు దుబాసీ కడుపు పట్టుకుని నవ్వాడట.

"నాకు అర్థం కాలేదు గానీ, నీకే చెప్పమన్యాది అనుకుంటా. నీళ్లు లేని ఏట్లో కూర్చున్న ఆ లావు మనిషికి చెప్పు, మూడుకూ ఇయ్యను, మనసులో పెట్టుకున్న ఐదుకూ ఇయ్యను అన్యాది. మూడేంది శెట్టీ? ఐదేంది?"

మూడు వేళ్లు తువ్వాలు చాటున ఉన్నాయి. ఐదు నా తలకాయలో ఉంది.

పని ఉన్నట్టు గుడ్డ తాను ఒకటి విప్పి మళ్లీ చుట్టాను. అప్పటి నుంచీ ఎన్ని విధాలుగా ఆలోచించినా ఈ లెక్క తేలలేదు. ఆమె మేకను తోలుకుంటూ మా పెన్నకు వచ్చిందా, లేక ఆ ఎండలో తువ్వాలు కప్పుకుని కూర్చున్న నేనే వాళ్ల ఇసుకలోకి పోయి వచ్చానా, ఇప్పటికీ తెలియదు. అంగడికి ఎర్రకుట్టు గుడ్డ ఏది వచ్చినా వెలుతురులోకి తీసుకుపోయి తిప్పి చూస్తాను. అట్లాంటిది మళ్లీ కనబడలేదు.